మూడు గీరల బండి, నా కుడి పాదం

ఇంజను వేడి కాలికి తగలకుండా ఏం చెయ్యాలా అని ఆ రోజుల్లో నేను ఆలోచించినంతగా జగిత్యాల చుట్టుపక్కల ఇంకెవరూ ఆలోచించి ఉండరు. ఆ అవసరం కూడా ఇంకెవరికీ లేదు. అటువంటి బండి ఆ తాలూకాలో మాదొక్కటే.

అది సైన్యం వాడి వదిలేసిన మోటారు సైకిలు. ఎడమ పక్కన ఒక తొట్టి, తొట్టి కింద మూడో చక్రం. నిజాం రాజ్యం పోయాక వేలంలో ఎవరో కొన్నారు. చేతులు మారి మారి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్ళకు మా మిషను ఆసుపత్రికి చేరింది. జనం దాన్ని మూడు గీరల బండి అనేవారు. నేను ఆ ఆసుపత్రి పక్కనున్న సంఘానికి ఉపదేశిని. ఆదివారం వాక్యం చెప్పడం, ఊళ్ళలో ప్రార్థనలు నడపడం నా పని. బండి నడపడం నేర్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, మిగతా రోజుల్లో ఆసుపత్రి నర్సమ్మను తొట్టిలో కూర్చోబెట్టుకొని తిప్పడం కూడా నా పనే అయింది. ఆమె నాకన్నా పెద్దది. నేను అక్కా అనేవాణ్ణి, ఆమె తమ్మీ అనేది.

మేం తిరిగేది పెద్దరోగం, అంటే కుష్ఠు, ఉన్నవాళ్ళ కోసం. ఆ రోగం ఉన్నవాళ్ళను బస్సు ఎక్కనిచ్చేవారు కాదు. ఆసుపత్రి దాకా నడవగల కాళ్ళు చాలామందికి ఉండేవి కావు. అందుకని మందే వాళ్ళ దగ్గరికి పోవాలి. ధర్మపురి దారిలో ఒక చింతచెట్టు కింద, కొండగట్టు దాటాక ఒక పాడుబడ్డ సత్రం అరుగు మీద, ఇంకా ఇలాంటివే కొన్ని చోట్లు. ఏ రోజు ఏ చోటికి వస్తామో వాళ్ళకు తెలుసు. పొద్దున్నే వచ్చి కూర్చునేవారు. బండి రాకపోతే ఆ వారం మాత్రలు లేవు.

ఇక వేడి సంగతి. ఆ బండి సైలెన్సర్ గొట్టం ఇంజను ముందునుంచి దిగి కుడి పక్కన నా పాదాన్ని ఆనుకొని వెనక్కి పోయేది. ఉత్త మోటారు సైకిలైతే గాలికి కొంత చల్లబడేదేమో. దీనికి పక్కన తొట్టి బరువు, తొట్టిలో అక్క, అక్క ఒళ్ళో మందుల పెట్టె. మట్టిబాటలో, ఇసుకలో మొదటి గేరు మీదే మూలుగుతూ పోవాలి. కొండగట్టు దగ్గర ఎక్కుడు ఎక్కేసరికి ఆ గొట్టం పొయ్యిలో పెట్టిన కర్రులా అయ్యేది. గుట్టకు నడిచిపోయే యాత్రికులు పక్కకు తప్పుకొని నా ముఖం చూసి నవ్వేవారు. నేను కుడి పాదాన్ని కాలు పెట్టే కమ్మీ మీద నిలపలేక గాల్లో ఎత్తిపట్టి నడిపేవాణ్ణి.

"కుక్క కాలెత్తినట్టు గదేంది తమ్మీ?" అనేది అక్క తొట్టిలోంచి.

"కాలుతాంది అక్కా."

"జర ఓర్చుకో. ఎత్తిన కాలుతోని గుంటల పడేస్తవు, నా పెట్టె పగుల్తది."

మొదట గొట్టానికి తడి గోనెసంచి చుట్టాను. అది ఎండి, మాడి, పొగ లేచింది. మేం నిప్పంటుకొని వస్తున్నామనుకొని ఒక ఊళ్ళో జనం బిందెలతో నీళ్ళు పట్టుకొని ఎదురొచ్చారు. తర్వాత టైరు చెప్పుల మీద తోలుముక్క కట్టుకున్నాను. తోలు కమిలి వాసన వచ్చింది. చివరికి కరీంనగర్ పోయి, బండ్లు బాగుచేసే ముసలి మిస్త్రీకి చూపించాను. ఆయన కూర్చొని గొట్టం వైపు, నా కాలు వైపు మార్చి మార్చి చూశాడు.

"పంతులూ, గీ బండిని గుర్రం లెక్క నడపాలె. ఎక్కుడు ఎక్కినంక జర ఆపి ఊపిరి పీల్చుకోనియ్యాలె. నువ్వేమో పెండ్లికి ఆలస్యమైనట్టు ఉరికిస్తవు."

"ఆపితే రోగులకు ఆలస్యమైతది, మిస్త్రీ సాబ్."

"అయితె నీ కాలు ఆలస్యం లేకుంట కాలుతది," అని నవ్వి, కిరోసిన్ డబ్బా కోసి ఒక రేకు చేశాడు. దాన్ని గొట్టానికి ఆనించకుండా, మధ్యలో వేలు పట్టేంత సందు వదిలి రెండు బోల్టులతో బిగించాడు. ఆ సందులోంచి గాలి పోతే వేడి రేకు దాకా రాదన్నాడు. నిజంగానే చాలావరకు తగ్గింది. కాని ఎక్కుడు దగ్గర మాత్రం ఇంకా చురుక్కుమనేది.

నేను ప్రార్థన చేశాను. చిన్న విషయమని దేవుని దగ్గర దాచేవాణ్ణి కాదు. వాక్యం నాకు నేర్పింది అదే. గొర్రె తప్పిపోయినా, నూనె అయిపోయినా ఆయనకు చెప్పుకోవచ్చు. పొద్దున బండి తీసే ముందు తొట్టి మీద చెయ్యి వేసి, ప్రభువా, ఈ వేడి నాకు తెలియకుండా చెయ్యి అని అడిగేవాణ్ణి. అవే మాటలు. ఇప్పటికీ అవి తలుచుకుంటే వెన్నులో చలి పుడుతుంది.

ఎండాకాలం పోయి వానలు పడ్డాయి. వేడి తగ్గుతూ తగ్గుతూ ఒకనాటికి లేకుండా పోయింది. ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు. బాధ పోయినప్పుడు మనిషి దాన్ని గుర్తుపెట్టుకోడు.

ఆ వానల్లోనే చైను తెగి మళ్ళీ కరీంనగర్ పోవలసి వచ్చింది. మిస్త్రీ బండి చుట్టూ తిరిగి అన్నాడు.

"రేకేది పంతులూ?"

"ఉన్నది గదా."

"ఏడున్నది? చూడు."

వంగి చూశాను. రేకు లేదు. బోల్టులు పట్టే కన్నాల్లో మట్టి పేరుకొని గట్టిపడి ఉంది. ఊడి పడిపోయి చాలా రోజులయిందని ఎవరికైనా తెలుస్తుంది.

"మరి కాలు కాలుతలేదా?"

"లేదు."

మిస్త్రీ గడ్డం గోక్కున్నాడు. "మీ దేవుడు నాకన్న మంచి మిస్త్రీ ఉన్నట్టున్నడు. నా పొట్ట కొడుతున్నడు."

ఆయన హాస్యానికి అన్నాడు. నేను దారిపొడుగునా కన్నీళ్ళతో వచ్చాను. రేకు లేదు. అదే గొట్టం, అదే ఎక్కుడు. అయినా నా పాదానికి వేడి తగలలేదు. నిప్పుల గుండంలో నడిచినా బట్టలకు పొగవాసన కూడా అంటని భక్తుల గురించి నేను ఎన్నిసార్లు చెప్పి ఉంటాను. అటువంటి దయ నా మీద, ఒక మామూలు ఉపదేశి కాలు మీద చూపించాడనుకున్నాను.

ఆదివారం సంఘంలో లేచి సాక్ష్యం చెప్పాను. చాపల మీద కూర్చున్నవాళ్ళంతా ఊపిరి బిగబట్టి విన్నారు. రేకు ఊడిపోయిందని చెప్పినప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి స్తోత్రం, స్తోత్రం అని వినిపించింది. సంఘపెద్ద ఒకాయన మగ్గం నేసే మనిషి, మామూలుగా పాడడు. ఆయన కూడా గొంతెత్తి పాట అందుకున్నాడు. నా జీవితంలో ఆ గదిలో అంత వెలుగు ఎప్పుడూ చూడలేదు.

ఆరాధన ముగిసి ఇంటికి పోయేసరికి కాళ్ళనిండా బురద. మా ఇంట్లో గడప దగ్గర నా భార్య చెంబుతో కాళ్ళ మీద నీళ్ళు పోసేది. ఆ రోజు పోస్తూ పోస్తూ ఆగింది. వంగింది.

"గిదేంది?"

"ఏది?"

"గీ పొక్కు. గింత పెద్దగ లేచి పగిలింది. తోలు ఊడి వచ్చింది. ఎప్పుడు కాలింది?"

"ఎక్కడ?" అన్నాను.

ఆమె తలెత్తి నా ముఖం చూసింది. ఆమె వేలు నా కుడి చీలమండ కింద, లోపలి పక్కన, ఆ పచ్చి పుండు మీదే ఉంది. వేలు కనిపిస్తోంది. వేలు తెలియడం లేదు.

బురదే అని, నేను మెల్లగా కాలు వెనక్కి తీసుకొని లోపలికి పోయాను. గోడకు ఆనుకొని కూర్చున్నాను. ఆ ప్రశ్న నాకు తెలుసు. చింతచెట్టు కింద కొత్తగా వచ్చిన ప్రతి మనిషినీ అక్క అడిగేది, ఈ పుండు ఎప్పుడైంది అని. ఎక్కడ అనేవారు వాళ్ళు. అలా అనగానే అక్క నా వైపు ఒకసారి చూసేది. నేను పెట్టెలోంచి మాత్రల డబ్బా తీసేవాణ్ణి.

ఆ మధ్యాహ్నం మా చిన్న కూతురు నా ఒడిలోకి వచ్చింది. నేను పాపను ఎత్తి పక్కన దించాను. ఏడ్చింది. దగ్గరికి తీసుకోలేదు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. ఒంటరిగా దొరికినప్పుడల్లా కాలును పరీక్ష చేసుకునేవాణ్ణి. కోడి ఈకతో తాకేవాణ్ణి. చీపురుపుల్లతో గుచ్చేవాణ్ణి. కళ్ళతో చూస్తూ గుచ్చితే తెలిసినట్టే ఉండేది. కళ్ళు మూసుకుంటే ఏమీ ఉండేది కాదు. కళ్ళు మూసుకున్నప్పుడు నా చెయ్యే సరిగ్గా తగలలేదేమో అని సర్దిచెప్పుకొని మళ్ళీ గుచ్చేవాణ్ణి. అరికాలు సగం, చీలమండ లోపలి పక్క ఎవరిదో పరాయి మనిషిది తెచ్చి నాకు అతికించినట్టుంది. పిక్క మీద రూపాయంత మచ్చ కూడా ఉంది, కొంచెం పాలిపోయినట్టు. అంతకుముందు చూశానా లేదా అన్నది గుర్తురాలేదు.

రోగులకు నేను ఎన్ని మాటలు చెప్పానో. భయపడకుర్రి, ఇది శాపం కాదు, ఒకరి పాపం వల్ల వచ్చేది కాదు, మొదట్లనే మాత్రలు మింగితే ఆగిపోతది, అందరికీ అంటదు. ఆ మాటలన్నీ నిజమే. నేను నమ్మే చెప్పాను. కాని ఇప్పుడు వాటిలో ఒక్కటీ నా దగ్గరికి వచ్చి నిలబడలేదు. సంఘంలో అందరం ఒకే గిన్నెలో తాగే ప్రభు భోజనపు బల్ల గుర్తొచ్చేది. నా తర్వాత ఎవరు తాగుతారు? ఈ ఇల్లు మిషనుది. ఉపదేశి పని పోతే ఇల్లు పోతుంది. పాపను బడిలో పక్కన ఎవరు కూర్చోనిస్తారు?

దేవుడు నా మొర వినలేదని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. విన్నాడేమోనని భయపడ్డాను. వేడి తెలియకుండా చెయ్యమన్నాను కదా. మోకాళ్ళ మీద ఉండి కూడా మాటలు రాక, ఏం అడిగితే ఏం వస్తుందో అని నోరు మూసుకొని ఉండేవాణ్ణి. ప్రార్థన చెయ్యడానికి భయపడ్డ రోజులు నా జీవితంలో అవే.

ఈ లోపల నా సాక్ష్యం ఊళ్ళు దాటింది. జ్వరం వచ్చిన పిల్లలను, నూనె పడి చెయ్యి కాలిన ఆడవాళ్ళను మా గడపకు తీసుకురావడం మొదలైంది. మగ్గం నేసే పెద్ద తన మనుమరాలిని భుజాన వేసుకొని వచ్చాడు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

"నీ కాలుకు వేడి తగలకుంట జేసిన దేవుడే గదా. జర చెయ్యి పెట్టి అడుగు అయ్యా."

నేను చెయ్యి పెట్టలేకపోయాను. దూరంగా నిలబడి ప్రార్థన చేసి, పాపను వెంటనే ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాను. ఆయన నా ముఖంలోకి అయోమయంగా చూసి వెళ్ళాడు.

అక్కకు కూడా చెప్పలేకపోయాను. వారం వారం చెయ్యి చాచితే అందేంత దూరంలో, తొట్టిలో, ఆ జిల్లాలో ఈ రోగాన్ని గుర్తుపట్టగల మనిషి కూర్చొని ఉండేది. నేను పుండు మీద గుడ్డ కట్టుకొని, పైన మేజోడు వేసుకొని నడిపేవాణ్ణి.

"కొత్తగ మేజోళ్ళేంది తమ్మీ, కలెక్టరువా?" అంది ఒకనాడు.

"చలి అక్కా."

ఆమె మేజోళ్ళ వైపు ఒకసారి చూసి పెట్టె సర్దుకుంది. దానికి నాకు ఇంకా భయమేసింది.

సత్రం అరుగు దగ్గరికి వచ్చే రోగుల్లో ఒక ముసలాయన ఉండేవాడు. వేళ్ళు సగం పోయాయి, నోరు మాత్రం చెక్కుచెదరలేదు. తన కాళ్ళ మీద తానే హాస్యాలాడేవాడు. మొన్న పొయ్యి కాడ పండుకున్న, కూర మాడిన వాసనొస్తాంది అని కోడల్ని తిట్టిన, చూస్తే మాడింది నా మడిమె అన్నాడు. వరుసలో కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. ఎప్పుడూ వాళ్ళతోపాటు నేనూ నవ్వేవాణ్ణి. ఆ రోజు నవ్వు రాలేదు. ముసలాయన నన్ను చూశాడు, నా మేజోడును చూశాడు. ఏమీ అనకుండా పక్కకు జరిగి, అరుగు మీద తన పక్కన కొంచెం చోటు చేశాడు.

నేను ఆ చోటు చూశాను. అక్కడే కూర్చున్నాను.

"అక్కా," అన్నాను. "నా కాలు జర చూడు."

ఆమె అప్పటికే దూది పోగు చేతిలోకి తీసుకుంది. ఎన్నాళ్ళ నుంచి ఎదురుచూస్తోందో. మేజోడు తీసింది, కట్టు విప్పింది. పుండు చూసి పెదవులు బిగించింది. అందరికీ చెప్పినట్టే నాకూ చెప్పింది.

"కండ్లు మూసుకో. నేను ముట్టిన జాగల వేలు పెట్టి చూపియ్యి."

మూసుకున్నాను. సత్రం వెనక ఎవరో మేకలను అదిలిస్తున్నారు. గుట్ట వైపు పోయే బండ్ల చప్పుడు. ఎడమ పిక్క మీద తాకింది. చూపించాను. ఎడమ పాదం మీద తాకింది. చూపించాను. కుడి మోకాలి కింద చూపించాను. తర్వాత ఆగింది. నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను. మేకలు దూరం పోయాయి. పక్కన ముసలాయన ఊపిరి వినిపిస్తోంది.

"కానియ్యి అక్కా. ఆగినవేంది?"

కళ్ళు తెరిచాను. దూది పోగు నా అరికాలు మీద ఉంది. అక్క కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"నేను ఆగలే తమ్మీ," అంది.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు చూసి, పిక్క మీది మచ్చ దగ్గర చిన్న తోలుముక్క కోసి పంపించాడు. ఫలితం వచ్చేదాకా ఇంట్లో నా కంచం, నా చెంబు వేరుగా పెట్టుకున్నాను. నా భార్య వాటిని మళ్ళీ మామూలు వాటిలో కలిపేసేది. నేను మళ్ళీ తీసేవాణ్ణి. మా ఇద్దరి మధ్య అది మాటలు లేని పోట్లాట. తర్వాత డాక్టరు పిలిచి చెప్పాడు. రోగం ఉంది. తొందరగా దొరికింది. ఇంకొకరికి అంటుకునే రకం కాదు. మాత్రలు ఏళ్ళ తరబడి మింగాలి, మింగితే ముందుకు పోదు. పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాకపోవచ్చు.

"రోగం మీ కాలు తీసుకోదు," అన్నాడు. "పుండ్లు తీసుకుంటాయి. ఇంకో రెండుసార్లు ఇలాగే కాలితే ఎముక దాకా చీము పట్టి పాదం తీసేయాల్సి వస్తుంది. వేడి కాలు దాకా రాకుండా చేసుకోండి, లేదంటే బండి దిగండి."

బండి దిగితే నడిపేవాడు లేడు. చింతచెట్టు కింద, సత్రం అరుగు మీద జనం వచ్చి కూర్చొని పోతారు.

ఆదివారం సాక్ష్యం చెప్పిన చోటే నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. వేడి తగ్గలేదని, నాకే తెలియలేదని. ముందు వరుసలో ఒక తల్లి తన పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకొని వెనక చాప మీదికి తీసుకుపోయింది. ఆమెను నేను తప్పుపట్టలేదు. నేను నా కూతురినే దూరం పెట్టాను. మగ్గం నేసే పెద్ద ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చాడు. ఆయన మనుమరాలికి మందులతో జ్వరం తగ్గింది. "గాపొద్దు నువ్వు చెయ్యెందుకు పెట్టలేదో ఇప్పుడు సమజైంది," అని నా భుజం మీద చెయ్యి వేశాడు. చెయ్యి కొంచెం వణికింది. కాని వేశాడు.

మిస్త్రీ ఈసారి హాస్యమాడలేదు. రెండు రేకులు చేశాడు, ఒకదాని మీద ఇంకొకటి, మధ్య మధ్య సందు వదిలి. గొట్టానికి వేడిని ఆపే రాతినార తాడు చుట్టాడు. కాలు పెట్టే కమ్మీని బయటికి వంచాడు. బోల్టులు ఊడకుండా తీగతో బిగించాడు. "ఇది సరిపోతదా?" అని అడిగితే, "కాలు పెట్టి చూస్తె తెలుస్తది," అని, వెంటనే నాలుక కరచుకున్నాడు.

అదే నా బాధ. సరిపోయిందో లేదో నా కాలు చెప్పదు. బండి ఆపి చేత్తో ముట్టుకుంటే అప్పటి వేడి వేరు, ఎక్కుడు మీద మూలుగుతూ పోతున్నప్పటి వేడి వేరు. అక్క కూర్చునేది అటు పక్క తొట్టిలో. రాత్రిళ్ళు నిద్రపట్టక, కమిలిన తోలు వాసన ఎక్కడో వస్తున్నట్టు లేచి కూర్చునేవాణ్ణి.

నా భార్య ఒక పొద్దున రొట్టెలు కాలుస్తూ, నా వైపు చూడకుండా అంది.

"నేను ఎనక కూసుంట."

"ఎందుకు?"

"నా కాలు మంచిగనే ఉన్నది గదా. ఉట్టిగ ఎందుకుంచాలె దాన్ని? నీ కాలు పక్కన పెడుత. కాలితె నీ భుజం మీద కొడుత, నువ్వు ఆపు."

వద్దన్నాను. ఆమె వినలేదు. మామూలుగా ఆడవాళ్ళు వెనక కూర్చుంటే ఎడమ వైపుకు తిరిగి కూర్చుంటారు. ఈమె కుడి వైపుకు తిరిగి కూర్చొని, చీర కుచ్చెళ్ళు బిగించి, చెప్పు విడిచి, వట్టి పాదం ముందుకు చాచి నా పాదం పక్కన కమ్మీ మీద పెట్టింది. బజారులో జనం ఆగి చూశారు.

"ఉల్టా కూసున్నవేంది చెల్లే, పడిపోతవు," అన్నాడు కిరాణా కొట్టు ఆయన.

"పడితె నీ కొట్టు ముందల పడ, ఫికర్ జెయ్యకు," అంది.

అక్క తొట్టిలో, నేను మధ్యలో, ఆమె వెనక. ఊరు దాటాం. మొదటి ఇసుక వచ్చింది. ఇంజను మూలిగింది. నా ప్రాణమంతా నా భుజం మీద ఉంది. దెబ్బ పడుతుందేమో అని కాచుకున్నాను. పడలేదు. రేకులు పనిచేస్తున్నాయనుకొని కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. కొండగట్టు ఎక్కుడు మొదలైంది. మొదటి గేరు. చప్పుడుకు చెవులు దిమ్మెక్కాయి. వేడి గాలి మోకాళ్ళ దాకా తెలుస్తోంది. భుజం మీద ఏమీ లేదు. సగం ఎక్కాం. ఏమీ లేదు.

అప్పుడు నాలో ఇంకొక భయం లేచింది. ఇంతవరకు పడ్డ భయాలన్నీ దాని ముందు చిన్నవి. ఇంత వేడికి ఏ రేకూ ఆగదు. ఆమెకు తెలిసి తీరాలి. తెలియడం లేదంటే? ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో, ఒకే చాప మీద. అంటుకునే రకం కాదని డాక్టరు అన్నాడు. డాక్టరు దేవుడు కాదు. ఆమె పాదం నా కళ్ళ ముందే ఆ గొట్టం పక్కన కదలకుండా, నా పాదంలాగే, రాయిలా ఉంది.

"తెలుస్తాందా?" అని అరిచాను.

గాలిలో జవాబు వినపడలేదు.

ఎక్కుడు మధ్యలోనే బండి ఆపేశాను. దిగబోయి తూలాను. ఆమె పాదం రెండు చేతుల్లోకి తీసుకున్నాను.

"కాలుతలేదా నీకు? నిజం చెప్పు. కాలుతలేదా?"

"కాలుతాంది," అంది.

"మరి ఎందుకు కొట్టలే?"

ఆమె పెదవి కరుచుకొని ఉంది. పంటి గాటు కనిపిస్తోంది. "కొడితె బండి ఆగె. గీ రేకులు పనికిరావని తేలె. నువ్వు బండి దిగాలె, గీ మందు ఆగాలె. జర ఓర్చుకుంటె ఎక్కుడు అయిపోతది అనుకున్న."

చీలమండ లోపలి పక్క ఎర్రగా కందిపోయింది. నేను దాని మీద వేలు పెట్టి నొక్కాను.

"అబ్బ, ముట్టకు. మండుతాంది."

ఇంకోచోట నొక్కాను. చెయ్యి విదిలించి కొట్టింది. నేను రోడ్డు మీద మోకాళ్ళ మీద ఉండిపోయాను. ఎన్నో వారాల తర్వాత నా నోటి నుంచి స్తోత్రం అనే మాట వచ్చింది. బయటికే వచ్చింది.

"నా కాలు కాలితె స్తోత్రమా?" అంది ఆమె. నవ్వబోయి, నవ్వలేక, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అక్క తొట్టిలోంచి దిగి, తాగేనీళ్ళన్నీ ఆ పాదం మీద పోసింది. పోస్తూ ఇద్దర్నీ తిట్టింది. ఓర్చుకునే ఆడదాన్ని పరీక్షకు కూసోబెట్టినోనికి బుద్ధి లేదు, ఓర్చుకున్నదానికి అంతకన్న లేదు అంది. సత్రం ఎక్కుడు దిగగానే ఉంది. రోగులకు మాత్రలిచ్చి, అక్కణ్ణుంచి మిస్త్రీ దగ్గరికే పోదామని, పై రేకును ఇంకా బయటికి జరపాలని అనుకున్నాం. ఇంజను చల్లారేదాకా రోడ్డు పక్క రాళ్ళ మీద కూర్చున్నాం.

బండి తీసేటప్పుడు నా భార్యను తొట్టిలో కూర్చోమన్నాను. ఒప్పుకోలేదు. మళ్ళీ అలాగే కుడి వైపుకు తిరిగి కూర్చుంది.

"ఈసారి ఓర్చుకోకు," అన్నాను.

"ఓర్చుకోను, నడువు."

ఇంకా ఎక్కుడు పైకి చేరకముందే నా భుజం మీద గట్టిగా దెబ్బ పడింది. వెంటనే ఆపాను.